బాబు పళ్ళ కోసం ఖమ్మం వెళ్తే

చర్ల వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులకు, "ఊకె భయపడకుండ్రి, ముందుగాల డాక్టరు చెప్పేది వినుండ్రి" అని రోజూ చెప్తుంటాను. ఆ సలహాను మా ఇంటి గడప దాటి లోపలికి మాత్రం ఎన్నడూ రానివ్వలేదు.

మా బాబుకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పాలపళ్ళు ఊడి, పైన ముందు పళ్ళు వచ్చాయి గాని, మధ్యలో పెద్ద సందు వదిలి చెరో దిక్కు చూస్తూ వచ్చాయి. నేను వాడి పెళ్ళి ఫోటో దాకా ఊహించుకుని దిగులుపడ్డాను. ఫోనులో దొరికినదల్లా చదివి, క్లిప్పులు వేయించాలని తేల్చేశాను. ఇక డాక్టరుకు చూపించడం ఒక్కటే మిగిలింది.

పాపకు ఏడేళ్ళు. దాని పళ్ళ గురించి నాకు ఏ బెంగా లేదు. తెల్లగా, వరుసగా ఉంటాయి. నవ్వితే గడ్డం కాస్త ఎడమకు ఒరిగి ముద్దొచ్చేది. చర్చిలో ఎవరైనా మెచ్చుకుంటే, "అది మా పుట్టింటి నవ్వు" అని అడగకపోయినా చెప్పేదాన్ని.

ఒక సెలవు రోజున ఖమ్మం బయలుదేరాం. ఇంట్లో పాపను చూసుకునేవాళ్ళు లేక దాన్నీ బస్సెక్కించాను. పళ్ళ డాక్టరు నాకంటే చిన్నావిడ. బాబుకు ఏ చికిత్స చేయాలో ఆమెకు నేనే వివరించాను. ఆమె ఓపిగ్గా విని, వాడి నోట్లోకి చూసింది.

"ఈ వయసుల సందు గిట్లనే ఉంటది సిస్టర్. కోరపళ్ళు దిగితే దాదాపు అదే మూసుకపోతది. ఇప్పుడేం అవసరం లేదు, అప్పుడప్పుడు చూపించండి."

నేను సంతోషపడాల్సింది. చిన్నతనంగా అనిపించింది.

"గింత దూరం వచ్చినం మేడమ్. ఒక చిన్న క్లిప్పన్నా పెట్టరా?"

సూది వేయలేదని అలిగే ముసలివాళ్ళను నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరు నవ్వింది. ఆమెను చూసి పాపా నవ్వింది. డాక్టరు చూపు దాని మీద ఆగిపోయింది.

"నువ్వొచ్చి ఈ కుర్చీల కూసుంటవా?"

పాప చేత మెల్లగా నోరు తెరిపించి, మూయించింది.

"చూడండి. నోరు తెరిస్తే గడ్డం నడుమనే ఉన్నది. పళ్ళు కలిపేసరికి పక్కకు జరుగుతున్నది. పైదవడ ఇరుకైంది, అందుకే పళ్ళు సరిగ్గ కూసుంటలేవు. ఇప్పుడైతే ఎముక మన మాట వింటది. పెద్దయినంక వినదు."

"అది మా పుట్టింటి నవ్వు మేడమ్" అన్నాను.

"మీరొకసారి పళ్ళు కలపండి సిస్టర్."

కలిపాను. నా గడ్డమూ ఎడమకు జరిగింది. ఆమె చూసి, అవునన్నట్టు తలాడించింది. ఇన్నేళ్ళుగా నేను చెప్పుకున్నది నిజమేనని ఒక డాక్టరు ఒప్పుకోవడం అదే మొదటిసారి.

"చెల్లెకు నోట్ల ప్లేటు పెడ్తరట, నాకు క్లిప్పెందుకు పెట్టరు?" అని బాబు తిరుగు బస్సులో భద్రాచలం దాకా దారంతా ఏడ్చాడు. వాడి క్లాసులో ఒకడికి రంగు రంగుల రబ్బర్లతో క్లిప్పులున్నాయట.

పాప అంగిటికి ఒక ప్లేటు చేసిచ్చారు. దాని నడుమ చిన్న మర. వారానికోసారి సన్న తాళంచెవితో తిప్పితే దవడ కొద్దికొద్దిగా వెడల్పవుతుంది. పసిపిల్లలకు నరం వెతికి సూది వేసే నా చేయి, మొదటిసారి ఆ మర రంధ్రంలో తాళం పెట్టలేకపోయింది.

"మమ్మీ, డాడీకియ్యి" అంది పాప.

సూదిని చూస్తేనే మొహం తిప్పుకునే మా ఆయన, తాళం తిప్పేసి, "గింతేనా?" అన్నారు.

ఆ నెలలోనే చర్చిలో పిల్లల కార్యక్రమం వచ్చింది. పాప బైబిల్లోని ఒక కీర్తన అప్పజెప్పాలి. ప్లేటు వల్ల దాని నోట్లో 'స' అంతా 'థ' అయిపోతోంది. నేను ముందే పోయి, కనబడిన ప్రతివాళ్ళకూ, "పిల్ల నోట్ల ప్లేటున్నది, నవ్వకుండ్రి" అని చెప్పాను. దాంతో మామూలుగా కునుకు తీసేవాళ్ళు కూడా నిటారుగా కూర్చున్నారు.

పాప తడబడకుండా మొదలుపెట్టింది. 'సమాధానము' అనే చోట 'థమాధానము' అంది. ఎవరూ నవ్వలేదు. లోపలి కంగారంతా ఒక్కసారిగా పైకొచ్చి నవ్వింది నేను. పాప ఆగి, నా వైపు చూసి, మిగతాది పూర్తిచేసి దిగింది.

ఇంటికొచ్చాక పాప చెప్పులు విడుస్తూ అడిగింది. "అందరికీ నవ్వొద్దని చెప్పినవంట. నీకెవరు చెప్పాలె?"

"తప్పయింది బిడ్డా" అన్నాను.

కొన్ని నెలలకు పై పళ్ళు కింది పళ్ళ మీద సరిగ్గా కూర్చున్నాయి. గడ్డం నడుమ నిలిచింది. మళ్ళీ వెనక్కి పోకుండా, ఇంకొన్నాళ్ళు పడుకునేటప్పుడు ప్లేటు పెట్టుకోవాలన్నారు. బాబు పళ్ళ సందు దానంతటదే తగ్గుతోంది. వాడికి అది నచ్చలేదు. పాప మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే ప్లేటు కడిగి పెట్టుకుంటుంది. పెట్టుకున్నావా అని నేను అడిగితే నోరు తెరవదు. వాళ్ళ డాడీకి చూపిస్తుంది.