పొద్దుటికన్నా ఒకటి ఎక్కువ

డిసెంబరు, మంగళవారం, సూర్యాపేట. దవాఖానలో ఉన్నవారు: నేను, మా తమ్ముడు మల్లయ్య, మరదలు సైదమ్మ, మత్తు డాక్టరమ్మ. తమ్ముడి కొడుకు శ్రీను మాతో లేడు. నేరేడుచర్ల దగ్గర కోసిన వరిమళ్లలో గొర్రెల మంద పెట్టుకుని ఉన్నాడు.

దయ్యాలూ మహిమలూ నేను ఏనాడూ నమ్మలేదు. మిర్యాలగూడలో కాలువ నీటిమట్టం రోజూ కొలిచి రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏం చూశానో, ఎన్ని గంటలకు చూశానో రాయడం నా అలవాటు. ఇదీ అలాగే రాస్తున్నాను.

తమ్ముడికి మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మెడలో సన్నబడింది. అప్పటికే రెండుసార్లు మాట పడిపోయి మళ్లీ వచ్చింది. ఆపరేషన్‌లో ఆ నాళాన్ని కాసేపు మూసి శుభ్రం చేస్తారు. అంతసేపూ మెదడుకు రక్తం తగ్గుతుంది. ఈసారి మాట పోతే ఇక రాదేమోనని మా భయం.

మత్తు డాక్టరమ్మది కోదాడ. ఓపికగా చెప్పారు. మత్తులో మెదడు పని తగ్గించుకుంటుంది కాబట్టి తక్కువ రక్తంతో సర్దుకుంటుందని ఆశ అట. కాలువ బంద్ చేసినప్పుడు పొలానికే దాహం తగ్గించడం అన్నమాట, అన్నాను. ఆమె నవ్వారు.

"అలాగే అనుకోండి. కానీ మత్తే కాపాడుద్దని గట్టిగా చెప్పలేనండీ. అందుకే బీపీ పడిపోకుండా చూసుకుంటాం, మెదడు తరంగాలు చూస్తూ కూర్చుంటాం."

మెలకువ వచ్చాక అడగడానికి, ఆయనకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పమన్నారు. గొర్రెలెన్నో అడగండి అన్నాను.

నాళం మూసింది పదకొండు పదికి, తెరిచింది పదకొండు ముప్పై అయిదుకు. ఆమె కాగితం చూసి రాసుకున్నాను. ఆ మధ్యలో తరంగాలు దాదాపు గీతలా పడుకున్నాయట. మత్తు అంత లోతుగా ఇచ్చారు.

మధ్యాహ్నం తమ్ముడు కళ్లు తెరిచాడు. గొర్రెలెన్నని డాక్టరమ్మ అడిగారు. పలకలేదు. మళ్లీ అడిగితే పెదాలు బిగించుకున్నాడు. సైదమ్మ ఏడుపు అందుకుంది.

తప్పు నాదే. మా ఇళ్లలో గొర్రెలను ముఖాలు చూసి గుర్తుపడతారు. సంఖ్య పైకి అంటే మంద తరుగుతుందని పట్టింపు. ఉద్యోగంలో పడి ఆ సంగతే మరిచాను.

తమ్ముడు మెల్లగా నావైపు తిరిగాడు.

"గా లెక్క అడగొద్దని తెల్వదా అన్నా? పొద్దుటికన్నా ఒకటి ఎక్కువున్నది. గంతే రాసుకో."

సైదమ్మ ఏడుస్తూనే నవ్వింది. "మత్తుల గూడ మందలనే ఉన్నడు."

మాట వచ్చింది, అదే చాలనుకున్నాం. ఆ లెక్క మత్తు మాట అనుకున్నాం.

మర్నాడు పొద్దున ఏడింటికి శ్రీను ఫోన్ చేశాడు. చెవి చీలిన గొర్రె ఈనిందట. రెండేళ్లుగా చూలు కట్టడం లేదని, వచ్చే సంతలో అమ్మేద్దామని తమ్ముడే అనుకున్న గొర్రె అది. దవాఖానలో మమ్మల్ని పరేషాన్ చేయొద్దని నిన్న చెప్పలేదట. ఒళ్లు తడి ఆరని పిల్ల ఫోటో పంపాడు. తీసిన సమయం నిన్న పదకొండు ఇరవై రెండు.

తమ్ముడికి చూపించాను. ఆశ్చర్యపోలేదు. ఇగ దాన్ని అమ్మేది లేదని చెప్పి, చాయ్ అడిగాడు.

డాక్టరమ్మ రెండు సమయాలూ పక్కపక్కన చూశారు. మత్తు మెదడును కాపాడిందో లేదో తేల్చలేనిదాన్ని, ఇదెలా తేలుస్తానన్నారు. వెళుతూ నన్ను ఆటపట్టించారు.

"ఇంతకీ మొత్తం ఎన్నండీ?"

డైరీ తెరిచాను. జీవితమంతా అంకెలు రాసినవాణ్ణి. ఆ పేజీలో 'ఒకటి ఎక్కువ' అని మాత్రమే ఉంది. అలా ఎందుకు రాశానో నాకూ తెలియదు.