బాపు నొసటి బొట్టుబిళ్ల

మొన్న బుధవారం పొద్దున మా వీధి చివర సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కుర్రాడు ఒక మడతపెట్టిన కాయితంతో మా ఇంటికి వచ్చాడు. అతనికి నాలుగేళ్ల కొడుకున్నాడు. పిలిస్తే తిరగడు, ఫ్యాను కింద నిలబెడితే దాన్ని చూస్తూ పూటంతా గడిపేస్తాడు. ఆటిజమో, మరొకటో తేల్చడానికి వచ్చే నెల హన్మకొండకు తీసుకురమ్మని తారీఖు ఇచ్చారట. నేను రిటైరైన లెక్కల మాస్టర్ని కాబట్టి, ప్రశ్నపత్రం సంగతి నాకు తెలిసి ఉంటుందన్న గురితో అడిగాడు.

"సార్, మీరు మీ బిడ్డను తీస్కపోయిన్రు గదా. ఆడ ఏమేం అడుగుతరో జర చెప్పున్రి. నెల దినాలు ఇంట్ల ప్రాక్టీసు చేపిస్త."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఎందుకంటే ఈ భూమ్మీద ఆ పని చేసిన మొదటి తెలివిగలవాణ్ణి నేనేనని అంతవరకూ అనుకుంటూ ఉన్నాను.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని వంతులవారీగా నిరాహార దీక్షలు చేస్తున్న కాలం. అప్పుడు నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో పనిచేసేవాణ్ణి. పొద్దున మెడలో దండ పడేది, సాయంత్రం నిమ్మరసం చేతికి వచ్చేది, దీక్ష ముగిసిందని ఎవరో ఒకరు బిర్యానీకి పిలిచేవారు. ఉద్యమంలో బరువు పెరిగిన కొద్దిమందిలో నేనొకణ్ణి.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన మా బిడ్డకు అప్పుడు ఆరేళ్లు దాటాయి. నీ పేరేంది అని అడిగితే నీ పేరేంది అని తిరిగి చెప్పేది. మా అద్దె ఇల్లు రైలు పట్టాలకు దగ్గర కావడం మా అదృష్టమో, దురదృష్టమో గాని, కిటికీ చువ్వ పట్టుకుని వచ్చేపోయే బండ్లన్నీ చూసేది, గూడ్సుబండికి ఎన్ని పెట్టెలో తప్పు లేకుండా చెప్పేది, ఆకలేస్తోందని మాత్రం చెప్పేది కాదు. బిడ్డ తాత కూడా అయిదేళ్లు దాటాకే మాట్లాడాడనీ, ఆ తర్వాత చచ్చేదాకా ఆపలేదనీ నన్ను కన్న మా అవ్వ ధైర్యం చెప్పేది. దర్గాలో తాయెత్తు, గుడిలో దారం, దవాఖానలో టానిక్కు, అన్నీ అయ్యాయి. మూడింటికీ బిడ్డ సమానంగానే స్పందించింది.

ఒకనాడు బడి గేటు తీసి ఉన్నప్పుడు రైలు కూత వినబడి మా బిడ్డ క్లాసులోంచి లేచి పరుగెత్తింది. రైల్వే గేటు కాపలాదారు ఆమెను రెక్క పట్టి లాగే సమయానికి ఆమె పట్టాలకు రెండు బారల దూరంలో ఉంది. మర్నాడు బడి పెద్ద మేడం మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, డాక్టరు కాయితం తెస్తేనే ఇకమీదట బిడ్డను క్లాసులో కూర్చోబెట్టుకుంటామని మెత్తగా చెప్పింది. ఘన్‌పూర్‌లో ఆమెను రానిచ్చిన బడి అదొక్కటే. అది పోతే ఇక కిటికీయే ఆమెకు బడి.

హైదరాబాదులో ఇలాంటి పిల్లల్ని పరీక్షించే చోటుందని తెలిసి తారీఖు తీసుకున్నాం. మొదటిసారి ఇచ్చిన తారీఖున బందు. రెండోసారి ఇచ్చిన తారీఖున రైల్ రోకో. ఆ రైల్ రోకో తీర్మానం మా ఉపాధ్యాయుల మీటింగులో పెట్టినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తినవాణ్ణి నేనే. తారీఖు గుర్తులేక కాదు, నలుగురిలో చెయ్యి దించుకోలేక. మేము ఎక్కవలసిన బండిని ఆపడానికి పొద్దున్నే పోయి పట్టాల మీద తువ్వాల పరుచుకుని కూర్చున్నాను. పాటలు పాడాం, పల్లీలు తిన్నాం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బిడ్డ నొసలు కమిలి నల్లగా ఉబ్బి ఉంది. ఒక్కో బండి వేళకు లేచి కిటికీ దగ్గరికి పోయిందట, బండి రాకపోతే చువ్వకు తల కొట్టుకుందట, మళ్లీ వచ్చి కూర్చుందట, మళ్లీ బండి వేళయిందట. మా ఇంటామె పసుపు పట్టు వేస్తూ నా దిక్కు చూడకుండానే అంది.

"పట్టాల మీద కూసోని ఎవల రైలాపినవ్ నువ్వు?"

నేను తువ్వాలకు అంటిన పల్లీ పొట్టు దులపడానికి వాకిట్లోకి పోయాను.

మూడోసారి తారీఖు రావడానికి నెలన్నర పట్టింది. ఇంతలో రాష్ట్రం కోసం ఉద్యోగుల సమ్మె మొదలై బడులు మూతబడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. పెద్దవంగరలో ఉన్న మా బావమరిదికి తెలిసినవాళ్లెవరో అదే చోటికి తమ పిల్లాణ్ణి తీసుకుపోయి వచ్చారని తెలిసి, అక్కడ ఏమడిగారో, ఏ బొమ్మలు చూపించారో, ఏం చెయ్యమన్నారో అన్నీ ఫోన్లో చెప్పించుకుని రెండొందల పేజీల నోటుబుక్కులో మార్జిన్ గీసి రాసుకున్నాను. పదో తరగతి మొండిఘటాలను గట్టెక్కించినవాణ్ణి, నా బిడ్డను గట్టెక్కించలేనా అనుకున్నాను. అది పాసు ఫెయిలు లేని పరీక్ష అన్న సంగతి నా బుర్రకెక్కలేదు. మా ఇంట్లో అలాంటి పరీక్ష ఎవరూ రాయలేదు.

అన్నిటికంటే కష్టమైన పాఠం, మాట్లాడేవాళ్ల ముఖం చూడటం. కళ్లలోకి చూడమంటే ఆమెకు నిప్పులోకి చూడమన్నట్టు ఉండేది. చివరికి అద్దం అంచున మా ఇంటామె అంటించుకునే ఎర్ర బొట్టుబిళ్లల్లో ఒకటి తీసి నా కనుబొమల నడుమ పెట్టుకుని, బాపు నొసటి మీద దీన్ని చూడు బిడ్డా అన్నాను. చూసింది. చూసినప్పుడల్లా అగ్గిపెట్టెల రైలుకు ఒక పెట్టె తగిలించేవాణ్ణి. సమ్మె సగం అయ్యేసరికి మా గూడ్సుబండి వంటింటిదాకా వచ్చింది. ఒకరోజు ఆ బొట్టు తీయడం మరిచి టెంటుకు పోతే, తోటి మాస్టరు ఒకాయన మైకులోనే అందుకున్నాడు.

"ఏంది సారు, వదినె బొట్టు వెట్టి మరీ సమ్మెకు తోలిందా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంట్లో మాత్రం నవ్వేవాళ్లు లేరు. నేర్చుకుని నేర్చుకుని బిడ్డ మంచంలో చెమటతో ముద్దయ్యేది, తన మణికట్టు తానే కొరుక్కునేది. మా ఇంటామె ఒకటే మాట అడిగింది.

"బిడ్డకు ఏమైందో ఎరుక చేసుకోనీకి పోతున్నమా, ఏం గాలేదని చెప్పిచ్చుకోనీకి పోతున్నమా?"

నేను నోటుబుక్కులో తర్వాతి పేజీ తిప్పాను.

సమ్మె ముగిసి బస్సులు నడిచిన వారానికి హైదరాబాదు పోయాం. పరీక్షించే మేడం నొసట గుండ్రటి ఎర్ర బొట్టు చూడగానే నా ప్రాణం కుదుటపడింది. బిడ్డ ఆ బొట్టు మీదనుంచి చూపు తీయలేదు. పేరు చెప్పింది. బొమ్మకు అన్నం తినిపించింది. ఆ తర్వాత మేడం మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. తనను తాను కొట్టుకుంటుందా అంటే, చిన్నపిల్ల కదండీ అప్పుడప్పుడు అలుగుతుంది అన్నాను. తోటి పిల్లలతో ఆడుతుందా అంటే, కొంచెం సిగ్గు అన్నాను. మా ఇంటామె తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఆ మేడంను తప్పుపట్టలేను. ఈరోజు అడిగినవాటికి బాగా జవాబులిచ్చిందని పైన రాసి, ఒక్కసారి చూడటం చాలదు, ఈ ఫారం బడి టీచరుతో నింపించి నెలలోగా మళ్లీ తీసుకురావాలి అని కింద రెండు వరసలు రాసి, అవి నాకు చదివి వినిపించింది కూడా. నేను బస్టాండులో ఆ రెండు వరసలను కిందికి మడిచి కాయితం జిరాక్సు తీయించాను. జిరాక్సులో పై సగమే వచ్చింది. ఆ జిరాక్సే బడికి ఇచ్చాను. మా అవ్వ వాడకట్టంతా బెల్లం పంచింది. బిడ్డ పాసయింది.

ఆ కాయితం చేసిన మేలు చెబుతాను. అది లేనప్పుడు మా బిడ్డకు కొన్ని పనులు చేతగావు. అది వచ్చాక చేతనైనా చేయడం లేదని తేలింది. అంతా బాగానే ఉన్న పిల్ల చెవులు మూసుకుంటే పొగరు, పలకకపోతే మొండితనం. అరచేతుల మీద బెత్తం వాతలతో ఇంటికొచ్చేది. మూడో తరగతికి వచ్చేసరికి నేను నేర్పిన మాటలు ఒకటొకటే రాలిపోయి, రైళ్ల వేళలు మాత్రం మిగిలాయి. నేను అప్పుడైనా అసలు కాయితం తీసి చూపించి ఉండవచ్చు. అది బీరువాలో నా సర్టిఫికెట్ల కింద ఉంది. చూపిస్తే మడత కనబడేది.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా టపాకాయలు. ముఖం నిండా గులాలు రంగుతో ఇంటికి పోతే బిడ్డ మంచం కింద రెండు పిడికిళ్లూ చెవులకు అదుముకుని ఉంది, మణికట్టు నుంచి నెత్తురు కారుతోంది. వంగి పిలిచాను. ఆమె నా కనుబొమల నడుమ వెతికింది. అక్కడ గులాలు తప్ప ఏమీ లేదు. ముఖం గోడకు తిప్పుకుంది. ఎన్నాళ్లు కోరుకున్న రోజో అది, ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని గడిపేశాను.

ఆ నెలలోనే మళ్లీ హైదరాబాదు పోయాం. ఈసారి మా ఇంటామె నన్ను బయట కూర్చోమంది. గంటకు పైగా తనొక్కతే మాట్లాడింది, పుట్టినప్పటినుంచి ఒక్కటీ దాచకుండా. మూడేళ్ల కింద నెలలోగా మళ్లీ రమ్మంటే ఎందుకు రాలేదని లోపలినుంచి డాక్టరు గొంతు వినిపించింది. నేను బెంచీ మీద తలుపు దిక్కు జరిగాను.

"అప్పుడు బందులు, సమ్మెలు ఉండె సార్," అంది మా ఇంటామె. "రైళ్లు నడువకపోయె."

ఆటిజం అని రాసిచ్చారు. ఆ మూడేళ్లలో నేర్పవలసింది చాలా ఉండేదని కూడా చెప్పారు.

దుకాణం కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. ఏమీ నేర్పకు, కడుపునిండా తినిపించి, నిద్ర తీరాక తీసుకుపో, చెడ్డ రోజులన్నీ కాయితం మీద రాసుకుని పో అన్నాను. అతను తల గోక్కున్నాడు.

"గట్లైతే ఫేలైతడు గద సార్."

"కానియ్ బిడ్డా," అన్నాను. నా ఉద్యోగ జీవితంలో ఒక విద్యార్థికి ఇచ్చిన మంచి సలహా బహుశా అదే.

ఈ పన్నెండేళ్లలో చాలా మారాయి. పరీక్షకు హైదరాబాదు పోనక్కర్లేదు, ఆటిజం అన్న మాట సెల్‌ఫోన్ల దుకాణంలో కూడా తెలుసు. మారనిదల్లా పాసవ్వాలన్న మన ఆత్రమే. మా బిడ్డకిప్పుడు ఇరవై ఒకటి. ఏ బండి ఎంత ఆలస్యమో స్టేషను వాళ్లకన్నా ముందు చెబుతుంది. వచ్చినవాళ్లు ఎంత సూటిగా చూస్తుందో అని మెచ్చుకుంటారు. ఆమె చూసేది వాళ్ల కళ్లను కాదని మా ఆలుమగలిద్దరికే ఎరుక. నా ముందు కూర్చున్నప్పుడు ఆ చూపు నా నొసటి మీద కాసేపు వెతికి, దొరకక, కిటికీ దిక్కు పోతుంది. అందుకే కొన్ని పొద్దులు, ఆమెకు చాయ్ ఇచ్చే ముందు, అద్దం అంచునుంచి ఒక బొట్టుబిళ్ల తీసి పెట్టుకుంటాను. ఇప్పుడు టెంటూ లేదు, నవ్వే మైకూ లేదు. ఆమె చూస్తుంది. నేను ఏ ప్రశ్నా అడగను.