చావిడిలో పలకని గొంతు

నా చిన్నప్పుడు జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో నాకు బడి ఉండేది కాదు, మంచె ఉండేది. కోడుమూరు పక్క మా ఊళ్లో మాకున్న కాస్త మెట్టచేనుకు కాపలా నేనూ, మా నాయన చెల్లెలూ. మా అత్త అప్పటికి మెట్టినింటి నుంచి వచ్చేసి మూడు నెలలు. ఎందుకొచ్చిందో నాకెవరూ చెప్పలేదు. ఆమె వీపు మీది మచ్చలు చూసి నేనే తెలుసుకున్నాను.

నాది దోమ గొంతు. నేను అరిస్తే గువ్వలు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ కంకుల మీదికి వంగేవి. "నీ కేకకు అవి పోవు పాపా, ఇంగో నలుగురు చుట్టాలను పిల్చుకొస్తాయి" అని అత్త నవ్వేది. తర్వాత ఓపికగా నేర్పింది. కాళ్లు ఎడంగా పెట్టాలి. భుజాలు వదులుగా, గడ్డం పైకి ఉండాలి. ముందు నిండా ఊపిరి తీసుకోవాలి, తొందరపడకూడదు. "గొంతులో నుంచి గాదు, కడుపులో నుంచి రావల్ల. నీకు ఎన్నేండ్లో గువ్వకు తెల్దు. నువ్వు బయపడతాండావా లేదా, అదొకటే తెలుస్తాది దానికి." వారం తిరిగేసరికి నా ఒక్క కేకకు చేనంతా లేచిపోయేది. నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఒక పొద్దున మామ వచ్చాడు. మంచె కింద నిలబడి అత్తను ఇంటికి రమ్మన్నాడు. ఆమె రానంది. ఆయన నిచ్చెన సగం ఎక్కి ఆమె చెయ్యి పట్టి గుంజాడు. అత్త కింద పడింది, మణికట్టు విరిగింది. అదంతా నేను మంచె మీది నుంచే చూశాను. ఆ దరిదాపుల్లో ఇంకెవరూ లేరు.

మరునాడు చావిడిలో పంచాయితీ పెట్టారు. అత్తను కాపురానికి పంపాలా, పుట్టింట్లోనే ఉంచుకోవాలా తేల్చాలి. చెయ్యి విరిచింది మొగుడేనని తేలితే పంపనక్కర్లేదన్నారు పెద్దలు. చావిడిలో ఆడవాళ్లు నోరెత్తే అలవాటు లేదు. అత్త స్తంభం పక్కన కొంగు కప్పుకుని నిలబడింది. మామ అందరి మధ్యా నిలబడ్డాడు, కాళ్లు ఎడంగా, గడ్డం పైకి. మంచె మీంచి ఆమే జారిపడిందన్నాడు. గొంతు ఎక్కడా వణకలేదు. అబద్ధం కూడా అలాగే నిలబడగలదని అత్త నాకు చెప్పలేదు. పాపం, ఆమెకూ తెలిసి ఉండదు.

"నువ్వు ఆడనే ఉంటివి గదా పాపా, ఏం చూసినావు?" అని ఊరి పెద్దాయన నన్ను మెత్తగానే అడిగాడు. అత్త కొంగు చాటు నుంచి నన్నే చూస్తూ, మెల్లగా తన పాదాలు ఎడంగా జరిపింది. అది నా కోసమేనని నాకు అర్థమైంది. కానీ మామ కూడా నన్నే చూస్తున్నాడు. నా కాళ్లు ముడుచుకున్నాయి, తల వంగింది. లంగా అంచు నలుపుతూ "ఏమో తాతా, నాకు తెల్దు" అన్నాను. ఆ ముక్క కూడా ఆయన రెండోసారి అడిగితేనే వినిపించింది.

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తాదిలే" అని పెద్దాయన అత్తను పంపేయమన్నాడు. మా నాయన ఎదురు చెప్పలేదు.

తెల్లారి అత్త వెదురుబద్దల కట్టుతోనే బస్సెక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. బాగున్న చేత్తో నా గడ్డం పైకెత్తి, "ఈతూరి పోయింది. ఇంగోతూరి ఎవురన్నా అడిగితే తల దించొద్దు పాపా" అంది. ఆ తర్వాత నన్ను అడిగినవాళ్లు లేరు. రెండేళ్లకు ఆమె పోయిందని కబురు వచ్చింది. జ్వరమన్నారు. మేమూ సరేనన్నాం.

పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. సభల్లో, అధికారుల ముందు, మైకు లేకుండా మాట్లాడాను. మేడమ్‌కు శానా ధైర్యం అనేవాళ్లు. ఆ మెప్పు నాకెప్పుడూ ఒంటబట్టలేదు. అయితే ఏ పిల్లైనా తల దించుకుని "తెలీదు" అంటే మాత్రం నేను అంతటితో వదల్లేదు. మిగతావాళ్లను బయటికి పంపి, పక్కన కూర్చుని, మళ్లీ అడిగేదాన్ని. కొందరు చెప్పేవాళ్లు, ఏడ్చి మరీ చెప్పేవాళ్లు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు నిటారుగా నిలబడి పైకే అంటాను. "చూసినా తాతా. మామే గుంజి కింద పడేసినాడు." ఎక్కడా తడబడకుండా, స్పష్టంగా వస్తుంది. వినాల్సినవాళ్లంతా పోయారు.