కుప్పం గోడ పలికిన సాక్ష్యం

అరవ సీమలోని మా ధర్మపురిలో ఒకప్పుడు సైకిలెక్కితే నా తొడల బలం చూసి ప్రభుత్వ బస్సులు కూడా పక్కకు తప్పుకునేవి (నేను అడ్డంగా తొక్కేవాణ్ణని గిట్టనివాళ్ళు అంటారు). అప్పటికి ఇరవై ఏళ్ళవాణ్ణి. మేస్త్రీ అయిన మా మేనమామ కింద మూడేళ్ళుగా ఇటుకలు మోస్తున్నాను. తాపీ చేతికిమ్మని అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే మాట: "నువ్వు ఏదీ ముగించే రకం కాదురా అల్లుడా." చివరికొకనాడు విసిగిపోయి, "సైకిల్‌లో కుప్పం దాకా పోయి రా. ఆ ఊరి పేరు తెలుగులో రాసుకోనొస్తే తాపీ నీది. లేకుంటే సచ్చేదాకా ఇటుకలే" అన్నాడు.

మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరం నాకూ తెలియదు, మామకూ తెలియదు. అయినా తెల్లవారుజామునే బయలుదేరాను. ఎదురుగాలి నన్ను మూడుసార్లు ధర్మపురికి తిరిగి తోసేసింది. చైను నూట ఎనిమిదిసార్లు ఊడింది. కృష్ణగిరి దగ్గర దూడంత కుక్క ఒకటి తరమడంతో (ఆ సాయం మాత్రం మరువలేను) రెండు మైళ్ళు తొక్కిన సంగతే తెలియకుండా పోయాను. పొద్దు వాలేవేళకు కుప్పం చేరి, అన్నిటికన్నా పెద్ద అక్షరాలున్న గోడ చూసి, ఊరి పేరంటే ఇదేనని సిమెంటు మూట కాగితం మీద ముగ్గు వేసినట్టు వంపు వంపునా దించుకున్నాను.

మరునాడు సాయంత్రం ఇల్లు చేరాను. మామ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, "జిలేబీలు నేనూ గీస్తాను" అన్నాడు. కుప్పం వైపు నుంచి కోడలుగా వచ్చిన మా అమ్మమ్మ, రెండు తరగతుల చదువుతో, కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది: "ఇచ్చట... మూత్రము... పోయరాదు."

వీధి వీధంతా నవ్వింది. నా తాపీ గాలిలో కలిసిపోయింది.

"ఊరి పేరు ఏదిరా?" అన్నాడు మామ.

"ఉండరా పెద్దోడా," అంది అమ్మమ్మ. "ఈ మాట తెలుగులో రాసిన గోడ ధర్మపురిలో ఒకటి చూపించు. వీడు పోయినాడు. కాళ్ళు పీకుతున్నా నిలబడి, తెలీని అక్షరాన్ని ఒక్క పొల్లు తప్పకుండా దించినాడు. పనోడికి ఇంకేం కావాల?"

మామ లోపలికి పోయి తాపీ తెచ్చిచ్చాడు. మరునాడు నా మొదటి గోడ కట్టాను, నిలబడే కట్టాను (వారం దాకా కూర్చోలేకపోయాను). ఆ తర్వాత అమ్మమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నాను. అందరూ అ, ఆలతో మొదలుపెడితే, నా చదువు ఆ కాగితంతోనే మొదలైంది. ఇప్పుడు ఈ వయసులో పక్కనున్న బొమ్మిడి దాకా బస్సులో పోయినా నడుం పట్టేస్తుంది. ఆ రెండు రోజులు తొక్కినవాడు నేనేనా అని ఒక్కోసారి నాకే అనుమానం. అందుకే ఎవరైనా అడిగితే, దారిలో పులి కూడా ఎదురొచ్చిందని చెబుతాను. అది భయపడి పారిపోయిందని ఇంకా చెప్పలేదు, వచ్చే ఏడు చెబుతానేమో.