గోడ వైపు తిరిగి అడిగిన సార్

సార్ పోయిన వార్త నాకు సార్ ఫోన్ నుంచే వచ్చింది. తెర మీద ఆయన పేరు చూసి, శనివారం మీటింగ్ గురించేననుకుని, "కుర్చీలకు చెప్పిన సార్" అన్నాను. అటు నుంచి ఆయన భార్య గొంతు. మేమంతా ఆమెను అమ్మ అనే పిలుస్తాం. "బిడ్డా, మీ సార్ పొద్దుగాల చాయ్ తాగి కుర్చీలనే ఒరిగిండ్రు. మళ్ల లేవలె" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫోన్ పెట్టేశాక నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు. ఆయన ముందు ఒప్పుకోవలసిన తప్పొకటి మూడేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరితో చెప్పుకోను అనిపించింది.

సార్ బోధన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేశారు. ట్రంకు కాల్ రోజుల్లో బెల్లం వ్యాపారులు, చెరుకు రైతులు "హలో" అంటే చాలు, మనిషిని పోల్చుకుని పలకరించేవారట. రిటైరయ్యాక నిజామాబాద్ వచ్చి స్థిరపడ్డారు. బస్టాండు దగ్గర నా జిరాక్సు, నెట్ దుకాణానికి పింఛను కాగితాల కోసం వచ్చిన మొదటి రోజే, ఇంటర్నెట్ ఎవరిదో చెప్పమని నన్ను నిలదీశారు. నేను ఓ పెద్ద కంపెనీ పేరు చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"అది ఎవ్వనిదీ కాదు. అందుకనే కావలి ఉండాలె" అన్నారు.

ఆ కావలి కాసేది లాభం చూసుకోని సంఘాలని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఏ కంపెనీ ఫోనైనా ఏ దేశపు కంప్యూటరుతోనైనా మాట్లాడాలంటే అందరూ ఒప్పుకున్న నియమాలు కావాలి. జీతం లేకుండా కూర్చుని వాటిని రాసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అలాంటి సంఘం ఒకదానికి సార్ మా ఊళ్లో శాఖ పెట్టారు. నెలకో శనివారం నా దుకాణం మీది గదిలో పదీ పన్నెండు మందిమి కూర్చునేవాళ్లం. లాభం లేని సంఘమంటే ఏమిటో మా ఇంట్లో అందరికంటే ముందే అర్థమైంది సార్, నావల్ల లాభం లేదని రోజూ అంటున్నారు అని నేను ఆటపట్టిస్తే, ఉస్మానియా బిస్కెట్టు సగం విరిచి నా చేతిలో పెట్టేవారు. మిగతా సగం ఆయనది. మీటింగుకు ఒక్క నిమిషం ఆలస్యమైనా మాత్రం ముఖం మాడ్చుకునేవారు.

ఆ నియమాలు రాసేవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. చేతులెత్తించరు, ఓట్లు లెక్కపెట్టరు. ఒప్పుకున్నవాళ్లు నోరు మూసుకుని గొంతులో ఊఁ అంటారు. ఏ వైపు ఊఁ గట్టిగా వినిపిస్తే గది మనసు అటుందని లెక్క. సార్‌కు ఇది ప్రాణం. "చెయ్యెత్తితే పక్కోడు మొఖం సూస్తడు. ఊఁ అంటే ఎవ్వడు సూడడు" అనేవారు. తానూ చూడకూడదని గోడ వైపు తిరిగి నిలబడి అడిగేవారు. ఊఁ ఆగాక వెంటనే మా వైపు తిరిగేవారు కాదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడిచి, పెట్టుకుని, అప్పుడు తిరిగేవారు. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు.

మూడేళ్ల కింద ఒక కంపెనీ బోధన్ చుట్టూ చెరుకు ఊళ్లలో స్తంభాలు పాతి నెట్ ఉచితంగా ఇస్తానంది. కాకపోతే వాళ్లు ఎంచిన నాలుగు యాప్‌లే తెరుచుకుంటాయి. మార్కెట్ యార్డులో పసుపు ధర చూడాలన్నా వాళ్ల దాంట్లోనే చూడాలి. సారూ నేనూ నా బండి మీద రెండు నెలలు ఊళ్లన్నీ తిరిగాం. "నిజాంసాగర్ కాలువ ఇది ఎవరి మడి అని అడుగుతదా? అందరికీ పారాలె" అని ప్రతి ఊళ్లోనూ ఆయన అదే మాట. నేను పక్కనుండి తలూపేవాణ్ని. పంచాయతీలకు మా శాఖ తరఫున అభ్యంతరం రాయాలా వద్దా అన్నది మీటింగుకు వచ్చింది. ఆ పొద్దున మా ఆవిడ చెప్పింది, ఆ స్తంభాలు చూసుకునే పని తన తమ్ముడికి ఖాయమైందని, వాడి కడుపు మీద కొట్టొద్దని.

రాయొద్దన్నవాళ్లను ఊఁ అనమని సార్ గోడ వైపు తిరిగి అడిగినప్పుడు, నేనూ ఊఁ అన్నాను. అటువైపే గట్టిగా వచ్చింది. ఆ రోజు ఆయన కళ్లజోడు చాలాసేపు తుడిచారు. "రాయొద్దన్నరు. సరే" అని, నన్నే చాయ్ చెప్పమన్నారు. మరుసటి నెల మినిట్స్ పుస్తకం నా చేతిలో పెట్టి, ఇకనుంచి నువ్వే రాయి అన్నారు. హమ్మయ్య, ఆయనకు తెలియలేదు అనుకున్నాను.

ఏడాదిన్నరకు కంపెనీ వెళ్లిపోయింది. స్తంభాలు ఇప్పటికీ చెరుకు గట్ల మీద తీగలు పాకి నిలబడి ఉన్నాయి. మా బామ్మర్ది ఆటో నడుపుతున్నాడు. నేను ముందే చెప్పలేదా అని సార్ ఒక్కసారి కూడా అనలేదు. ఓసారి బోధన్ నుంచి వస్తూ, మీకో మాట చెప్పాలి సార్ అని మొదలుపెట్టాను. "ముందు బండి సూసుకుంట నడుపు" అన్నారు వెనక నుంచి. నేనూ అదే సందని ఊరుకున్నాను. పిరికివాడికి ఏ సందైనా చాలు.

దశదినం అయ్యాక వచ్చిన శనివారం అందరం ఆ గదిలోనే కూర్చున్నాం. అమ్మ కూడా వచ్చింది. శాఖ నడుపుతారా, మూసేస్తారా అని పై సంఘం అడిగింది. నడుస్తుందని నాకు ధైర్యమే. సార్ దేహం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చిన పాలిటెక్నిక్ లెక్చరరమ్మ ఉంది, సగం భారం ఆమె మోస్తుందనుకున్నాను. మినిట్స్ రాసేవాణ్ని కనుక అడగడం నా వంతయింది. మొదటిసారి నేను గోడ వైపు తిరిగాను.

"నడపాలన్నోళ్లు ఊఁ అనుండ్రి" అన్నాను.

సన్నగా అమ్మ గొంతు. కఫం అడ్డుపడే చెరుకు రైతు పెద్దాయన గొంతు. ఇంకొక్కరిది. నాకు ఎక్స్ఛేంజి చెవులు లేవు. అయినా ఒక్కో గొంతూ పేరు చెప్పినట్టే వినిపించింది.

మూసేద్దామన్నవాళ్లను అడిగాను. గది నిండా వచ్చింది. అందులో లెక్చరరమ్మ గొంతు ఉంది.

ఇన్నేళ్ల పరిచయానికే నాకిలా తెలిస్తే, జీవితమంతా గొంతులు విన్న మనిషికి ఆ రోజు నా ఊఁ తెలియకుండా ఉంటుందా! తెలిసే చాయ్ చెప్పమన్నారు. తెలిసే పుస్తకం చేతిలో పెట్టారు.

వెనక ఎవరో కుర్చీ జరిపారు. నేను తిరిగి మొహం చూపిస్తానని అందరూ ఎదురుచూస్తున్నారు, లెక్చరరమ్మ కూడా. నేనూ నా కళ్లజోడు తీశాను. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాను, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది.

"మూసేద్దామన్నరు. సరే" అన్నాను గోడతో. "చాయ్ తాగుండ్రి."