అందరికీ ఒక్కో సబ్బు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అంటారు. కోపం సంగతేమో గానీ, నాకు కాలు ఒకచోట నిలవదు. మదనపల్లెలో బట్టల అంగడికి మేనేజరుగా ఉన్న రోజుల్లో గల్లాకూ గోడౌనుకూ మధ్య రోజుకు వందసార్లు తిరిగేవాణ్ణి. ఒక ఎండాకాలంలో మాత్రం, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేక మూడు రోజులు తిరిగాను. ఆ తిరుగుడు తల్చుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కుదురుగా ఉండలేను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. వరసగా వానలు ముఖం చాటేశాయి. మా అంగట్లో పట్టుచీరల దగ్గర ఒకామె పని చేసేది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త పోయాడు, ఇంట్లో చూపు తగ్గిన అత్త ఒకతే తోడు. చీర అమ్మడంలో ఆమెకు సాటి లేదు. కొనేవాళ్లు పరుపు మీద కూర్చుంటే, ఎదురుగా నిలబడి చీరను తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు పట్టి, కొంగు ఇటూ అటూ తిప్పి చూపించేది. ముదురు రంగులు ఇంటి గడప తొక్కనివ్వని పెళ్లివాళ్ల చేత కూడా నేరేడుపండు రంగు చీర కొనిపించి పంపేది.

ఆ వేసవిలో ఆమె దగ్గర వాసన మొదలైంది. ఎండలో నడిచొచ్చిన చెమట వాసనైతే అందరి దగ్గరా ఉంటుంది. ఇది రోజుల తరబడి ఆరి, మళ్లీ తడిసిన వాసన. సదుం వైపు నుంచి పెళ్లిబట్టలకు వచ్చిన ఒక పెద్దావిడ, ఆమె భుజం మీద నుంచి తీసిన చీరను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది వద్దప్పా, ఇదే రంగులో మడత ఇప్పనిది ఇంగొకటి తియ్యి" అంది. మాట నాతో, చూపు ఆమె మీద. ఆమె తల ఎత్తకుండా చీర మడత పెట్టింది.

ఆ సాయంత్రం యజమాని పిలిచాడు. "ఏమప్పా, నీకు ముక్కుండాదా ల్యాదా? శుక్రవారం లోపల ఆయమ్మకు సెప్పు. నీతో కాకపోతే సెప్పు, పనిలోంచే తీసేస్తా" అన్నాడు.

అది మంగళవారం. ఆ రాత్రి నిద్రలో కూడా వాక్యాలు కట్టుకున్నాను. 'అమ్మా, ఏమనుకోవద్దు' అని మొదలుపెట్టేవాణ్ణి, అక్కడే ఆగిపోయేవాణ్ణి. బుధవారం పట్టు కౌంటరు దాకా ఆరుసార్లు వెళ్లి, ఆరుసార్లూ స్టాకు అడిగి వచ్చాను. సాంబ్రాణి వేయించాను. ఫ్యాను ఆమె వైపు తిప్పించాను, వాసన అంగడంతా పరుచుకుంది. వెంటనే ఆపించాను. పరాయి ఆడమనిషి ఒంటి సంగతి మగవాణ్ణి నేనెలా ఎత్తేది?

ఇంట్లో చెప్తే మా ఆవిడ, "ఆడమనిషికి ఆడమనిషి సెప్తేనే బాగుంటాది. నేనొచ్చి పక్కకు పిల్చి సెప్తాను" అంది. నేను ఒప్పుకోలేదు. అంగడి వ్యవహారంలో పెళ్లాం సాయమా అని పెద్దరికం అడ్డొచ్చింది. అది పెద్దరికం కాదు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న భయం.

మా అంగట్లో ఒక పద్ధతుంది. పొద్దున సరిగ్గా తొమ్మిదికి లక్ష్మీదేవి పటానికి హారతి ఇస్తాం. పనివాళ్లంతా అప్పటికి లోపల ఉండాలి. హారతి అయ్యాక వచ్చినవాళ్లను గడప దగ్గర నుంచే ఇంటికి పంపేస్తాం, ఆ రోజుకు పని లేదు. ఆలస్యంగా వచ్చిన కాలు బోణీ చెడగొడుతుందని నమ్మకం. పుంగనూరులో మా పాత అంగట్లో పని నేర్చుకునేటప్పుడు నేనూ రెండుసార్లు అలా ఏడుపు ముఖంతో ఇంటికి పోయాను. మదనపల్లెలో అంగడి తెరిచినప్పుడు ఆ పద్ధతిని తెచ్చి పెట్టింది నేనే. కొంచెమైనా సడలనివ్వంది కూడా నేనే.

శుక్రవారం హారతి కాగానే నా బుర్రకు తోచిన గొప్ప ఉపాయం బయటికి తీశాను. తొమ్మిదిమంది పనివాళ్లకూ ఒక్కో సబ్బు పంచాను. ఒక్కరికే ఇస్తే కదా బాధ, అందరికీ ఇస్తే పామూ చస్తుంది, కర్రా విరగదు అనుకున్నాను. "ఎండలు మండిపోతాండాయి. అందురూ శుభ్రంగా ఉండాల" అన్నాను. అంతే. ఎనిమిది తలలు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. ఒకడు కిసుక్కున నవ్వాడు. మూడు రోజులుగా ఒక్క మనిషికి చెప్పలేనిదాన్ని అంగడంతటికీ చాటి చెప్పాను.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె నా దగ్గరికి వచ్చి సబ్బు బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో సబ్బుండాది సార్. నీళ్లే ల్యావు" అంది.

ఆమే చెప్పుకొచ్చింది. "మా వీదికి ట్యాంకరు దినం మార్సి దినం తొమ్మిదిన్నరకు వస్తాది. బిందె దగ్గర మనిషి లేకుంటే పక్కకు తోసేస్తారు. మాయత్తకు సూపానదు. పక్కింటాయమ్మ దయ తల్సి రెండు బిందెలు పట్టి పెడతాది. తాగేదానికీ వండేదానికీ అవే సాలవు సార్."

"యాల సెప్పలేదమ్మా?" అన్నాను.

"ఏం సెప్పేది సార్? హారతి దాటితే ఎనక్కి పంపిస్తారు గదా. మూడేండ్లుగా ఈయమ్మ ఒగ దినం గూడా హారతి తప్పలేదు, సూసి నేర్సుకోండని అందురి ముందర మీరే అంటిరి." గొంతు తగ్గించింది. "అందురికంటే ముందు ఆ వాసన నాకే గదా సార్ వచ్చేది."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో బోరుంది. ఆ వేసవిలో నేను రోజుకు రెండుపూటలా స్నానం చేసి, రెండోసారి కూడా నీళ్లు చల్లగా లేవని మా ఆవిడ మీద విసుక్కున్నాను.

ఆ సాయంత్రమే యజమాని దగ్గరికి పోయి, ట్యాంకరు వచ్చే రోజుల్లో ఆమె పదిన్నరకు వస్తుందన్నాను. బోణీ సంగతేమని అడిగాడు. నేను పెట్టిన రూలును నేనే కాదంటూ అన్నాను. "ఆయమ్మ పోతే బోణీ కాదన్నా, పట్టు కౌంటరే పోతాది." గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

తర్వాతి వారం నుంచి ఆమె పదిన్నరకు తడి జుట్టు చివర ముడేసుకుని వచ్చేది. వాసన పోయింది. నేను గట్టెక్కాననుకున్నాను. ఆమె గట్టెక్కలేదు. ఆమె లోపలికి రాగానే అందరూ గడియారం చూసేవాళ్లు. పక్కన నుంచి నడిస్తే చేతిలో పని ఆపి ఊపిరి పీల్చేవాళ్లు. సబ్బు రోజున నవ్వినవాడే, "ఈ దినం నీళ్లొచ్చినట్టుండాయే" అన్నాడు. వాణ్ణి అందరి ముందూ తిట్టాను. ఆ తిట్టుతో ఆ సంగతి ఇంకొక్కసారి అందరికీ గుర్తు చేశాను.

అయిదు నెలలకు యజమాని కుప్పంలో కొత్త అంగడి తెరవడానికి సిద్ధమయ్యాడు. ఆమె వచ్చి, అత్తను కూడా తీసుకుని కుప్పం పోతానని, అక్కడ పట్టు కౌంటరు తనకిప్పించమని అడిగింది.

"యాలమ్మా? ఈడ అంతా సర్దుకునింది గదా" అన్నాను.

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "ఇప్పుడు నా దగ్గర వాసన వస్తాండాదా సార్?"

"ల్యాదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. కానీ ఆ మాట అనేముందు నా ముక్కు దానంతటది గాలి పీల్చి చూసింది. ఆమె అది చూసింది.

"అందుకే పోతా సార్" అంది.

ఆ రోజే యజమానికి చెప్పి ఒప్పించాను. కుప్పానికి మేనేజరుగా నన్నే పంపాలని ఆయన ముందే అనుకున్నాడు. నేను పోనన్నాను. కారణం అడిగితే ఒంట్లో బాగుండటం లేదని అబద్ధం చెప్పి, సబ్బులు పంచిన ఆ అంగట్లోనూ ఉండలేక, తిరిగి పుంగనూరు పాత అంగడికే పోయాను. ఆమె ఉన్న చోట నేను లేకుండా ఉండటం తప్ప, ఆమెకు నేను చేయగలిగింది ఇంకేదీ మిగల్లేదు.