బల్ల మీద చాళ్ళు

మా ఆయన స్నూకరు ఆడి జీతం తెచ్చేవాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. బంతులాటకు జీతమేమిటని పెళ్ళయిన కొత్తలో నేనూ అడిగాను. మిషను బడిలో రెండో తరగతితో నా చదువు ఆగిపోయింది. రాత ఎలా ఉన్నా, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అనంతగిరి మీద కాఫీ మొక్కలు కొత్తగా వేస్తున్న కాలమది. తోట దొర బంగళాలో ఒక పెద్ద బల్ల ఉండేది. పైన ఆకుపచ్చ గుడ్డ, దాని కింద అయిదు రాతిపలకలు. ఆ పలకలను కొండ కింది నుంచి భుజాల మీద మోసుకొచ్చిన వాళ్ళలో మా ఆయన ఒకడు. ఇంత బరువున్నది ఉత్త రాయి కాదని, మోసిన వాళ్ళంతా దానికొక కోడిని కోసి మరీ లోపల దించారట. ఆ తరవాత మా ఆయన ఆ గదిలోనే మార్కరుగా ఉండిపోయాడు. బల్ల తుడవాలి, బంతులు పేర్చాలి, ఆట లెక్క చెప్పాలి, దొరకు జోడీ లేనప్పుడు తనే ఆడాలి. వానలు పడితే కొండ మీదకు ఎవరొస్తారు? మూడు వానాకాలాలు గడిచేసరికి దొర గెలవడం మానేశాడు.

ఆ దొరే తోట అమ్మి వెళ్ళిపోతూ, మా ఆయన కోసం ఒక మేలు తలపెట్టాడు. విశాఖపట్నంలో క్లబ్బు వాళ్ళకు జీతం మీద ఆడేవాడు కావాలి. చెన్నపట్నంలో ముప్పయ్యేళ్ళు ఆడిన ముసలి మార్కరు ఒకాయన వాళ్ళ తరఫున కొండెక్కి వస్తాడు. ఆయన్ను ఒక్క ఆటలో గెలిస్తే కొలువు మాది. ఓడితే మా ఆయన మళ్ళీ తోటలో కలుపు తీసుకోవాలి.

మా కొండ మంచుకు ఆ గుడ్డ ఊరికే చెమ్మగిల్లేది. ఆటకు ముందు ఇస్త్రీ చెయ్యకపోతే బంతి కదలదు. ఆ రోజు మా ఆయన ముసలాయనకు ఎదురెళ్తూ ఆ పని నాకు అప్పజెప్పాడు. ఆయన చేసే పద్ధతి నేను చూసినదే. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి పోయి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తి, ఖాళీగా వెనక్కి వచ్చి మళ్ళీ మొదలు. ఆ ఖాళీ నడకలో బొగ్గులు ఊరికే కాలిపోవడం నాకు కడుపు మంట. అందుకని పొలం దున్నినట్టు చేశాను. పోతూ ఒక చాలు, వస్తూ ఒక చాలు. సగం బొగ్గులతో పని తేలిపోయింది. గుడ్డకు పిల్లి వీపు లాగ నూగు ఉంటుందనీ, దాన్ని ఒకే దిక్కుకు దువ్వాలనీ నాకెవరు చెప్పారు?

మధ్యాహ్నం ఆట మొదలయింది. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. ముసలాయన తెల్లబంతిని మెల్లగా కొట్టాడు. అది జీలుగు కల్లు తాగినవాడిలాగ అటు తూలి, ఇటు తూలి, ఏ బంతినీ తాకకుండా ఆగిపోయింది. ఆయన కర్రకు మళ్ళీ సుద్ద రాసుకున్నాడు. మా ఆయన కొట్టాడు. అదే తూలుడు. దొర తన చేతిలోని గ్లాసు వైపు చూసి, దాన్ని నెమ్మదిగా కుర్చీ కింద పెట్టేశాడు.

మా ఆయన వంగి గుడ్డ మీద అరచెయ్యి నిమిరాడు. తిన్నగా కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఓలే, ఇస్త్రీ ఎలాగ సేసినావే?"

"సాళ్ళు తోలినట్టు. ఎల్తూ ఒకటి, వస్తూ ఒకటి. సగం బొగ్గులే అయినాయి, మావా."

"సగం బొగ్గులే!" అంటూ కర్ర పట్టుకుని నేల మీద కూలబడి నవ్వాడు.

"కొలువు పోతంటే నవ్వుతావేటి? బేగి ఆ పెట్టె ఇటియ్యి, మళ్ళీ సేస్తాను."

మా ఆయన దాచలేదు, ముసలాయనకు అంతా చెప్పేశాడు. ముసలాయన కిటికీ దగ్గరకు వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"దున్నింది నువ్వేనా తల్లీ?"

"నేనేనండి. తప్పయిపోనాది."

"ముప్పయ్యేళ్ళు బల్ల మీద ఆడాను గాని పొలంలో ఆడలేదు. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇలాగే ఆడతాం."

ఇక చూడాలి ఆ ముగ్గురినీ. బంతి కదిలితే చాలు, దొర గుడ్డకు కన్ను ఆనించి "ఎడమ! ఎడమ!" అని కేకలు. ముసలాయన తలపాగా ఊడి బంతుల మీద పడింది. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు పట్టి, మంచినీళ్ళు తాగడానికి ఆట రెండుసార్లు ఆపారు. నేను మాత్రం పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. వాళ్ళకేం, కలుపు తీసేది మేము.

చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని బల్ల అంచునున్న సంచుల్లో ఒకదానిలో ఎవరు పడేస్తే ఆట వారిది. ముసలాయన కొడితే మూల సంచి అంచు దాకా పోయి పక్కకు జారింది. ఇప్పుడు మా ఆయన వంతు. ఆయన కర్ర ఎత్తలేదు. నా దగ్గరకొచ్చాడు.

"ఏ పక్కనుంచి మొదలెట్టినావు?"

"ఈ కిటికీ పక్కనుంచి."

"నల్లది నాలుగో సాలు మీదున్నాది. అది ఎల్తూ సేసిందా, వస్తూ సేసిందా?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. రెండోసారి కూడా లెక్కపెట్టాను. "వస్తూ."

ఆయన వెళ్ళి, తెల్లబంతితో నల్లబంతిని సంచికి జానెడు పక్కకు గురిపెట్టి మెల్లగా కదిపాడు. దొర అయ్యో అన్నాడు. బంతి దొర్లింది, నా చాలు పట్టుకుంది, మేత చూసిన ఆవులాగ నెమ్మదిగా మూలకు తిరిగి సంచిలో పడిపోయింది. నేను గెంతిన గెంతుకు కిటికీ చెక్క ఠపీమని తలకు కొట్టుకుంది. బొప్పి తడుముకుంటూ, పైటచెంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

ముసలాయన తన సుద్దముక్క మా ఆయన చేతిలో పెట్టాడు. "కొలువు నీదే. అక్కడ ఇస్త్రీ మాత్రం నువ్వే చెయ్యి నాయనా" అన్నాడు.

ఆ వారమే కొండ దిగాం. మా ఆయన చేతిలో సుద్దముక్క, నా నెత్తి మీద బుట్ట. బుట్టలో మిగిలిన సగం బొగ్గులు.